అన్న వాగు

బుధవారం మధ్యాహ్నం మకారియో కుత్సల్ ఆడిన అబద్ధంలో అబద్ధమనదగ్గ మాట ఒక్కటీ లేదు. "నీకు తెలియందేముంది!" అన్నాడు. అంతే.

చర్చి వెనక రేకుల షెడ్డులో, రేడియో మైకు ముందు కూర్చుని, చేతిలో కాగితం పైకెత్తి, "సరిగ్గానే రాశానా తమ్ముడూ?" అని అడిగినవాడు లేలండ్. ఆ కాగితం మీద పారష్‌చే గూడెంలోని నలభై కుటుంబాల బతుకుంది.

భూకంపం సాన్ బ్లాస్ ఊరిని నేలమట్టం చేసి అప్పటికి రెండు వారాలు. రాజధానిలోని విశ్వవిద్యాలయం నుంచి సాయానికని స్వచ్ఛందంగా వచ్చిన పదకొండుమంది పండితుల్లో నేలపొరల శాస్త్రం చెప్పే ప్రొఫెసర్ ఆల్దానా ఒకాయన. ఆయన పారష్‌చే పైనున్న కొండంతా చుట్టి వచ్చి స్పానిష్‌లో నాలుగు వాక్యాలు రాసిచ్చాడు. తూర్పు వైపు చిన్న వాగు పైన కొండ పగిలింది, ఇంకో గట్టి కుదుపొస్తే జారిపడుతుంది, అక్కడికి ఎవరూ పోకూడదు. పడమటి పెద్ద వాగు దగ్గర నేల గట్టిది, నీళ్లు అక్కడే పట్టుకోవాలి, గుడారాలు కూడా అక్కడే వేసుకోవాలి. దీన్ని ఈ కొండల్లో మాట్లాడే కక్చికెల్ భాషలోకి మార్చి రేడియోలో చదివే పని లేలండ్‌ది. "తూర్పు పడమరలంటే ఎవరు వింటారు? వాళ్లు పెట్టుకున్న పేర్లతో చెబితేనే చెవికెక్కుతుంది" అని, చిన్నదాన్ని 'తమ్ముడు వాగు' అనీ పెద్దదాన్ని 'అన్న వాగు' అనీ రాశాడతను.

పారష్‌చేలో అది తలకిందులు. చిన్న వాగులోనే నీళ్లు ముందు పుట్టాయట, కాబట్టి అక్కడ చిన్నదే అన్న. పెద్దది తమ్ముడు. చిన్నతనంలో మేనమామ ఇంట ఉండి బిందెలు మోసిన మకారియోకి ఆ సంగతి తెలుసు. దిగువన సాన్ బ్లాస్‌లో ఆరేళ్లు కాపురమున్నా, పైకి నాలుగుసార్లకి మించి ఎక్కని లేలండ్‌కి తెలియదు.

తెలిసినవాడు నోరు మూసుకున్నాడు. తెలియనివాడు మైకు ముందు నోరు తెరిచాడు.

మనిషి చెడ్డవాడు కాదు మకారియో. కానీ ఆ రెండు వారాలుగా ఒక అక్కసు అతన్ని వదల్లేదు. విశ్వవిద్యాలయం లారీలో ఊరికి వచ్చేటప్పుడు ఎన్నెన్ని అనుకున్నాడు! పదకొండుమందిలో ఈ కొండల్లో పుట్టినవాడు తనొక్కడే. తన జనానికి నోరు తనే అవుతాడు, వాళ్ల బాధ లోకానికి చెబుతాడు, లోకం సాయం వాళ్లకి అందిస్తాడు. తీరా లారీ దిగేసరికి, కూలిపోయిన తమ ఇంటి మట్టిదిబ్బ మీద కన్నతల్లి పెత్రోనా ఒక తెల్లవాడి భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. ఆరేళ్లుగా ఆమె ఇంట్లో వెనకగదిలో అద్దెకుండి, ఆమె చేతి రొట్టెలు తిని, ఆమె నోటి మాటలు రాసుకున్న అమెరికావాడు, లేలండ్. ఆమె వాణ్ని 'లేలో' అంటుంది. 'పెద్దోడు' అంటుంది. రెండేళ్లు ముందు పుట్టాడట! కడుపున పుట్టిన తొలిచూలు కొడుకు, ఆ లెక్కన రెండోవాడైపోయాడు.

రేడియోలో చదివే పని మొదట ఇచ్చింది మకారియోకే. మొదటిరోజు చదివాడు కూడా. మర్నాడు చర్చి ఫాదరు మొహమాటపడుతూ పక్కకి పిలిచాడు. "ఏమనుకోకు నాయనా. ఆడవాళ్లు అడుగుతున్నారు, లేలో ఎందుకు చదవడం లేదని. నువ్వు చదువుతుంటే సర్కారు నోటీసులా ఉందట" అన్నాడు.

బుధవారం సాయంత్రం ఆరింటికి మళ్లీ వార్తలుంటాయి, అప్పుడు తనే మైకు అందుకుని తప్పు దిద్దాలి, అందరూ విని 'ఎంతైనా మన పిల్లాడు మన పిల్లాడే' అనుకోవాలి అని మకారియో ఎత్తు. ఆరయ్యేసరికి జనరేటరులో డీజిలు లేదు. ఎప్పుడొస్తుందో చెప్పగలవాళ్లూ లేరు. 'పారష్‌చేవాళ్లకి వాళ్ల కొండ తెలీదా? రేడియోలో ఎవడో ఏదో అన్నాడని కదిలిపోతారా?' అని మనసుకి సర్దిచెప్పుకుని పడుకున్నాడు.

గురువారం పొద్దున్న పైకి సామాను మోసుకెళ్లే వంతు ఎవరిదో పలకమీద రాసి ఉంది. మకారియో, లేలండ్.

*

రెండు గంటల నడక. ఇల్లు కూలాక పెత్రోనా కూడా ఆ పైనే, మకారియో మేనమామ ఇంటివాళ్లతో ఉంటోంది. మకారియో వీపున ఉప్పూ, రొట్టెలకి మొక్కజొన్న ఉడకేసేటప్పుడు కలిపే సున్నమూ. లేలండ్ వీపున మందులూ, నీళ్లలో వేసే బిళ్లలూ, రెండు చుట్టల తాడు. బరువు మోసే తలపట్టీ నుదుటికి బిగించి, ముందుకి వంగి, ఈ కొండవాళ్లు నడిచినట్టే నడుస్తున్నాడు లేలండ్. మకారియో సంచీని భుజాలకి తగిలించుకున్నాడు. తలపట్టీ కట్టి పదిహేనేళ్లయింది, మెడ నిలవదని భయం.

చెప్పేస్తే పోయేది. ఊరు దాటగానే చెప్పాలనుకున్నాడు. పైన్ చెట్ల మలుపు దాటాక చెప్పాలనుకున్నాడు. ఈలోగా ఎదురుగా కట్టెల మోపుతో ఒక ముసలామె దిగుతూ వచ్చింది.

"లేలో! ఒరే లేలో! మా కోడలు కనిందిరా! ప్లాస్టిక్ పట్టా కిందే! ఆడపిల్ల!"

"భూకంపం అని పేరు పెట్టకండి అవ్వా," అన్నాడు లేలండ్.

"మా ఆయన అదే పెడదామంటున్నాడు. కొట్టాను." ఆమె పళ్లులేని నోటితో పకపకా నవ్వింది. తర్వాత మకారియో కళ్లజోడూ బూట్లూ చూసి, నవ్వాపుకుని, తల కొంచెం వంచి, వచ్చీరాని స్పానిష్‌లో పలకరించింది. "నమస్కారమండీ సార్. బాగున్నారా సార్."

ఈ అవ్వ చంకెక్కే అతను తిరిగాడు చిన్నప్పుడు. "బాగున్నానండీ," అన్నాడు, స్పానిష్‌లోనే. చెప్పాలనుకున్న మాట మళ్లీ చెప్పలేదు.

వాళ్లిద్దరి మధ్య మాటలు ఎప్పుడూ అంతే. లేలండ్ కక్చికెల్‌లో అడుగుతాడు, మకారియో స్పానిష్‌లో జవాబిస్తాడు. ఎదుటివాడు తప్పులు లేకుండా మాట్లాడుతుంటే తనవి బయటపడతాయని.

దారి మధ్యలో రాతి అరుగు దగ్గర బరువులు దించారు. లేలండ్ గుడ్డలో చుట్టిన రొట్టెలు తీసి సగం ఇటు జరిపాడు. "అమ్మ పంపింది మొన్న. ఎండిపోయాయి. అయినా అమ్మవి కదా."

"మా అమ్మ," అన్నాడు మకారియో.

"అవును. మీ అమ్మ."

లేలండ్ కాసేపు నమిలాడు. తర్వాత సంచీలోంచి నల్ల అట్ట నోటుపుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇల్లు కూలినప్పుడు అతను ముందు అమ్మని లాగాడట, తర్వాత దీన్ని లాగాడట. మూలలు మట్టికొట్టుకుపోయి ఉన్నాయి. "ఇది నీకు చూపిద్దామనుకుంటున్నాను, చాలా రోజుల్నించి. నువ్వు నాతో మాట్లాడవు. అందుకని ఆగాను. నిన్న షెడ్డులో నువ్వు నవ్వావు చూడు, 'నీకు తెలియందేముంది' అని... కోపం పోయిందనుకున్నాను."

మకారియో తప్పించుకోడానికన్నట్టు పుస్తకం అందుకున్నాడు.

ఎడమవైపు మాట, కుడివైపు అర్థం, కింద ఆ మాటతో అమ్మ చెప్పిన వాక్యం, తేదీ. పేజీలకి పేజీలు. పిల్లల్ని జోకొట్టే మాటలు. మొక్కజొన్న పొత్తుకి వయసుని బట్టి పేర్లు. మగ్గం మీద దారం తెగితే నేతగత్తె తిట్టే తిట్టు. ఒక్కో మాటా చదువుతుంటే ఒక్కో చెంపదెబ్బలా ఉంది. ఇవన్నీ నావి. నా చెవిలో పోసినవి. వీటిలో సగం నేను మర్చిపోయాను, వీడు తేదీలతో సహా దాచుకున్నాడు. బడిలో కక్చికెల్ మాట్లాడినందుకు మోకాళ్ల కింద మొక్కజొన్న గింజలు పోసి నిలబెట్టింది నన్ను. వీణ్ని అదే మాట్లాడినందుకు మెడలో పూలదండ వేసి ఊరేగించారు.

పేజీ తిప్పాడు. 'తినిపించు' అన్న మాట. కింద అమ్మ చెప్పిన వాక్యం, నాలుగేళ్ల కిందటి తేదీ.

*నా కొడుకు నోట్లో ముద్ద నా చేత్తోనే లాగేశాను. ఆ ముద్దే ఇప్పుడు ఇతనికి తినిపిస్తున్నాను.*

మకారియో ఆ రెండు వరసలూ మళ్లీ చదివాడు.

"ఇదేమిటి?"

"ఆ రోజు నాకూ అర్థం కాలేదు. ముద్దేమిటమ్మా అన్నాను. అప్పుడు చెప్పింది." లేలండ్ అతని మొహంలోకి చూడకుండా దూరంగా లోయలోకి చూస్తూ చెప్పాడు. "నువ్వు బడి నుంచి మోకాళ్లు నెత్తురోడుతూ వచ్చావట. ఆ రాత్రి ఆమె ఒట్టు పెట్టుకుందట, ఇక నీతో మన మాట మాట్లాడకూడదని. వచ్చిన నాలుగు స్పానిష్ ముక్కలతోనే నిన్ను పెంచిందట. నిద్రపుచ్చడం, తిట్టడం, అన్నీ వాటితోనే. నువ్వు పెద్దవాడివై పట్నం వెళ్లాక, ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేకుండాపోయాడట. నేను వచ్చేదాకా."

మకారియోకి జ్ఞాపకం వచ్చింది. ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు హఠాత్తుగా అమ్మ మూగదైపోయింది. తన మీద కోపమనుకున్నాడు. ఇరవై ఒక్కేళ్లుగా అలాగే అనుకుంటున్నాడు.

"నీకో సంగతి చెప్పనా?" అన్నాడు లేలండ్. "ఆరేళ్లలో నన్నామె ఒక్కసారి తిట్టలేదు. ఒక్కసారంటే ఒక్కసారి. వంట చెడగొట్టినా, మగ్గం విరగ్గొట్టినా, 'పోన్లే నాయనా' అనేది. నువ్వు సెలవలకి వచ్చిన రోజు గుమ్మంలోనే మొదలెట్టేది. బూట్లతో లోపలికొచ్చావేంరా, చిక్కిపోయావేంరా, ఉత్తరం రాయవేంరా! నేను వెనకగదిలో కూర్చుని వినేవాణ్ని. చుట్టాన్ని ఎవరూ తిట్టరు. నేను అసూయతో చచ్చిపోయేవాణ్ని మకారియో."

ఆ మాటకి మకారియోకి నవ్వు వచ్చి ఉండాల్సింది. రాలేదు.

"తప్పు రాశావు నువ్వు," అన్నాడు. రేడియోలో కాగితం చూసి చదవడం కాదు, మనిషితో పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి కక్చికెల్‌లో. నాలుక తడబడింది. "నిన్న. కాగితంలో. చిన్న వాగే అన్న వాగు. పగిలిన కొండ కింద ఉన్నది అన్న వాగు."

లేలండ్ అతన్ని చూశాడు.

"నేను అడిగాను నిన్ను."

"అడిగావు."

"కాగితం చూపించి అడిగాను!"

"అవును."

"నీకు తెలుసా అప్పుడు?"

"తెలుసు."

లేలండ్ ఎత్తరి, బక్కమనిషి, ఎప్పుడూ కేకలు వేయనివాడు. లేచి వచ్చి మకారియో చొక్కా పట్టుకుని రాతికేసి నెట్టాడు. "వాళ్లని అక్కడికి పొమ్మన్నాను! నా నోటితో! గుడారాలు అక్కడ వేసుకోండని మూడుసార్లు చదివాను! నా మీద కోపముంటే నన్ను కొట్టు! అక్కడ పిల్లలున్నారు! అక్కడ అమ్మ ఉంది!"

ఈసారి 'మా అమ్మ' అని దిద్దలేదు మకారియో.

సంచులు అక్కడే వదిలేసి ఇద్దరూ పరుగెత్తారు.

*

పారష్‌చేకి చేరేసరికి గూడెం ఖాళీగా ఉంది. కూలిన గోడల మధ్య కోళ్లు తప్ప ఏమీ కదలడం లేదు. నిన్నటిదాకా మొక్కజొన్న చేలో వరసగా ఉన్న గుడారాల చోట గుంజలు పీకిన గుంతలు మిగిలాయి.

"రేడియో విన్నారు," అన్నాడు లేలండ్ రొప్పుతూ.

వాగు వైపు నుంచి మనుషుల మాటలు, సుత్తి చప్పుడు, ఎవరో పాప ఏడుపు. మలుపు తిరగగానే కనిపించింది. అన్న వాగు ఒడ్డున, ఏటవాలు కొండ పాదాన, చదునైన పచ్చికలో గూడెం గూడెమంతా కొత్త కాపురం పెట్టింది. పట్టాలు కట్టారు, పొయ్యిలు పెట్టారు. మధ్యలో ఎర్రటి నేత రవికెలో పెత్రోనా, చేతులు నడుముకి పెట్టి, ఎవరి గుంజ ఎక్కడ పాతాలో చెబుతోంది. వాళ్ల వెనక కొండ, నడినెత్తిన అడ్డంగా నల్లటి గీత.

లేలండ్‌ని చూసి ఆమె మొహం వెలిగింది. "వచ్చాడండీ నా పెద్దోడు! చూడరా, నువ్వు చెప్పినట్టే అందర్నీ దించేశాను. ఈ ముసలాళ్లు మేం కదిలేది లేదన్నారు. 'లేలో చెప్పాక తిరుగేమిటి, లేవండి' అన్నాను." తర్వాత కొడుకుని చూసింది. స్పానిష్‌లోకి మారింది. "నువ్వూ వచ్చావా? చెమటలేంటి అలాగ?"

"అమ్మా, ఇక్కణ్నుంచి లేవండి. అందరూ. ఇప్పుడే," అన్నాడు మకారియో.

సుత్తి ఆగింది. అతని మేనమామ వలేరియో, గూడెం పెద్ద, గుంజ పట్టుకునే నిలబడి మేనల్లుణ్ని ఎగాదిగా చూశాడు.

"ఏం అల్లుడూ, మళ్లీ ఏమిటి? పొద్దున్న మూడు గంటల నుంచి మోస్తున్నాం. రేడియోలో అన్న వాగన్నారు, అన్న వాగుకొచ్చాం."

"రేడియోలో తప్పు చెప్పారు మామయ్యా. పగిలింది ఈ కొండే. పైకి చూడండి."

"ఆ గీత మేమూ చూశాం. ఈ కొండ మీద నాకూ అనుమానమే. కానీ చదువుకున్నవాళ్లు కొలిచి చెప్పారన్నారు. లేలో నోటితో చెప్పాడు. నిన్న ఆయన చెప్పింది నమ్మాలా, ఇవాళ నువ్వు చెప్పేది నమ్మాలా?"

"తప్పు నాది," అని అందుకున్నాడు లేలండ్. "పేర్లు తారుమారు చేశాను. పెద్ద వాగనుకుని అన్న వాగన్నాను. క్షమించండి, ముందు లేవండి."

జనంలో గుసగుస. కొందరు పైకి చూశారు, కొందరు లేలండ్‌ని. అతని తప్పు కూడా వాళ్లకి ముద్దుగానే ఉన్నట్టుంది. "పోన్లే బాబూ, పరాయివాడివి, నీకేం తెలుస్తుంది. మనిషన్నాక పొరపాటు రాదా?" అన్నాడొక ముసలాయన. అంత ఆపదలోనూ మకారియో గుండెలో పాత ముల్లు కదిలింది. తప్పు చేసినా వీణ్నే సముదాయిస్తున్నారు. ఇక్కడితో ఊరుకుంటే సరిపోతుంది. లేలండ్ తప్పుని లేలండే నెత్తినేసుకున్నాడు. గూడెం లేస్తుంది. తను చెప్పక్కర్లేదు. ఎవరికీ తెలియదు.

కానీ గూడెం లేవలేదు. వలేరియో గుంజ వదల్లేదు. "మామూలు మనిషి పొరపాటు పడతాడు. ఇంత చదివిన నా మేనల్లుడు పక్కనే ఉన్నాడు కదా నిన్న? పుట్టింది ఇక్కడే కదా? ఏరా, నువ్వు చూసుకోలేదా కాగితం? ఇవాళ వచ్చి ఇటు పొమ్మంటారు, రేపు అటు పొమ్మంటారు. పిల్లల్నీ ముసలాళ్లనీ ఎన్నిసార్లు మొయ్యాలి? అసలు ఏది నిజమో తేల్చండి, అప్పుడు లేస్తాం."

నలభై కుటుంబాలు అతని నోటి వైపు చూస్తున్నాయి. ఈ క్షణం కోసమే కదా లారీ ఎక్కి వచ్చాడు!

"చూశాను," అన్నాడు మకారియో. స్పానిష్ విడిచి తన మాటలోకి దిగాడు. వెతుక్కుంటూ, ఆగుతూ, చిన్నపిల్లాడి వాక్యాలతో మాట్లాడాడు. పెద్దవాళ్లు వాడే మాటలు అతనికి అందలేదు. "కాగితం చూశాను. తప్పని తెలుసు. అతను అడిగాడు నన్ను. నేను చెప్పలేదు. అతన్ని చూస్తే నాకు... కడుపులో మంట. మీరంతా అతన్ని పిలుస్తారు. నన్ను సార్ అంటారు. అతని తప్పు బయటపడాలని ఊరుకున్నాను. నిజం ఇదీ. ఇప్పుడు లేవండి. మీ కాళ్లు పట్టుకుంటాను, లేవండి."

వలేరియో చేతిలో గుంజ నేలమీద పడింది. చేతులు చాచి అరిచాడు. "పిల్లల్ని ఎత్తుకోండి! సామాను వదిలెయ్యండి! తమ్ముడు వాగుకి! నడవండి!"

అందరూ ఒక్కసారి లేచారు. పెత్రోనా మాత్రం కదల్లేదు. రేడియోలో కాగితం చదివింది తప్ప, కొడుకు తన భాషలో మాట్లాడటం ఇరవై ఒక్కేళ్ల తర్వాత విన్నది ఆమె. ఆ భాషలో విన్న మొదటి మాటలు ఇవి. అతను ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కనున్న పసిపిల్లని ఎత్తుకుని, అతని పక్కనుంచే నడిచి వెళ్లిపోయింది.

"తోమాసా ఏదీ?" వలేరియో గొంతు. తోమాసా అతని కూతురు. "అత్తాకోడళ్లిద్దరూ పైన మడుగు దగ్గర బట్టలుతుకుతున్నారు!"

"నేను వెళ్తాను," అన్నాడు లేలండ్. "నా కాళ్లు పొడుగు. దారి ఎటు?"

అడిగింది మకారియోనే. నిన్న కాగితం ఎత్తి చూపినట్టే, అదే చూపుతో. మనిషి నేర్చుకోడా ఇక! లేక నేర్చుకునే అడిగాడా?

మకారియో ఆలోచించనైనా లేదు. "ఎడమ గట్టు మీద పో. అది రాయి, గట్టిది. వాగులోకి దిగకు. నేనూ వస్తాను."

"నువ్వు ఆయన్ని ఎత్తుకో." లేలండ్ చూపించిన చోట, ఇందాక తనని సముదాయించిన ముసలాయనే నడవలేక గుంజని పట్టుకుని వణుకుతున్నాడు. లేలండ్ మాట పూర్తవకముందే పరుగందుకున్నాడు. పొడుగాటి కాళ్లతో రాయి నుంచి రాయికి దూకుతూ ఎడమ గట్టు మలుపులో మాయమయ్యాడు.

మకారియో ముసలాయన్ని వీపుకెత్తుకున్నాడు. మెడ నిలిచింది. పచ్చిక దాటి, రాళ్లగుట్ట దాటి, మొక్కజొన్న చేను మొదట్లోకి వచ్చేసరికి కుక్కలు మొరగడం ఆపేశాయి.

తర్వాత నేల కదిలింది.

ఎంతోసేపు కాదు. ఒక మనిషి ఊపిరి పీల్చి వదిలినంత సేపు. మొదటి భూకంపంతో పోలిస్తే అదొక లెక్కలోది కాదు. కానీ కొండకి అది చాలింది. నల్ల గీత నోరులా తెరుచుకుంది. పైన్ చెట్లు నిలువుగా నిలబడే కిందికి ప్రయాణం కట్టాయి. ఆ చప్పుడు ఏదో పెద్ద జంతువు ఒళ్లు విరుచుకున్నట్టుంది. పొద్దున్న పాతిన గుంజలు, పట్టాలు, ఇంకా పొగ వస్తున్న పొయ్యిలు, అన్నిటి మీదుగా ఎర్రమట్టి నడిచి వెళ్లిపోయింది. దుమ్ము లేచి సూర్యుణ్ని కప్పేసింది.

దుమ్ములో మనుషులు ఒకరి పేర్లు ఒకరు పిలుచుకున్నారు. వలేరియో కుటుంబం కుటుంబంగా తలలు లెక్కపెట్టాడు. పిల్లలున్నారు. ముసలాళ్లున్నారు. ఒక్కొక్క కుటుంబమూ 'ఉన్నాం' అంటుంటే మకారియో నేలమీద కూర్చుండిపోయాడు. నిన్నటి తన మాట ఎవర్నీ చంపలేదు. అతను మొక్కిన దేవుళ్లలో స్పానిష్ తెలిసినవాళ్లూ ఉన్నారు, తెలియనివాళ్లూ ఉన్నారు.

అప్పుడు కుడివైపు నుంచి, పైచేలోని మొక్కజొన్న దుబ్బుల్ని తోసుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. నెత్తిన తడిబట్టల బుట్టలు. తోమాసా, ఆమె అత్త.

వలేరియో కూతుర్ని వాటేసుకున్నాడు. "ఎటునుంచి వచ్చారే తల్లీ?"

"కుడివైపు నుంచి నాన్నా. పైచేలో గొర్రెలున్నాయని చూసి చాలాసేపటి కిందటే అటు ఎక్కేశాం. ఏమైంది?"

"మరి లేలో కనబడలేదా?"

"లేలో ఎందుకొచ్చాడు?"

అందరూ వాగు వైపు తిరిగారు. దుమ్ము మెల్లగా దిగుతోంది. మకారియో లేచి నిలబడ్డాడు. తన చిన్నతనంలో ఎన్ని వానలకీ చెక్కుచెదరని ఎడమ గట్టు, రాతిగట్టు, ఉన్న చోట లేదు. అక్కడ కొత్త కొండ ఉంది.

"లేలో!" అని అరిచాడు. ముందుకి పరుగెత్తబోయాడు. ఎవరో చొక్కా వెనకనుంచి పట్టి ఆపారు.

పెత్రోనా. జుట్టంతా ఎర్రమట్టి. చంకలో పసిపిల్లని తోమాసాకి అందించి, కొడుకు రెండు భుజాలూ పట్టుకుని తన వైపుకి తిప్పుకుంది. ఆమె స్పానిష్‌లో మాట్లాడలేదు. చిన్నప్పుడు అతన్ని ఏ మాటల్లో లాలించిందో ఆ మాటల్లోనే అడిగింది, ఒక్కొక్కటీ అతనికి అర్థమయ్యేలా, నెమ్మదిగా.

"వాడు నిన్ను దారి అడగడం నేను దూరం నుంచి చూశాను. నిజం చెప్పు. ఈసారి వాడికి ఏ దారి చెప్పావురా?"